ఆమె పేరుతో తెరుచుకున్న పేజీ

"చనిపోయిన మనిషి రోజూ మధ్యాహ్నం ఆఫీసుకొస్తోంది సార్," అన్నాడు ప్రోగ్రామరు. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

ఆస్పత్రి సిబ్బంది వివరాలుండే డైరెక్టరీ సర్వరును చూసుకునేది అతనే. టెలిఫోన్ ఆపరేటరు ఒకావిడ పోయి ఆరు నెలలైంది. మూడు వారాలుగా ఎవరో ఆమె పేరుతో సర్వరులోకి వస్తున్నారు. పాస్‌వర్డులు మార్చగలిగేది అతనొక్కడే కాబట్టి నింద అతని మెడకు చుట్టుకుంది. తేలకపోతే ఉద్యోగం ఊడుతుంది.

ఎవరెప్పుడు లోపలికొచ్చారో సర్వరు రాసుకున్న లాగ్ కాగితాలను డిటెక్టివ్ అందుకున్నాడు. ఆయన చూపు ఎక్కడ ఆగుతుందో ముందే పసిగట్టడం, ఆయన దగ్గర చేరి నాలుగేళ్లయినా, పక్కనున్న సహాయకురాలికి చేతకాలేదు.

"ఒంటిగంటా పదికి 'ఈ ధ్రువీకరణ పద్ధతి చెల్లదు' అని సర్వరు తిప్పికొట్టింది. అదే సెకనులో రానిచ్చింది. రోజూ ఇంతే. పాస్‌వర్డు సరిచూసే పాత పద్ధతి ఎప్పుడు తీసేశారు?" అన్నాడు డిటెక్టివ్.

"మూడు వారాల కిందట సార్. ఆ పద్ధతిలోనే నడిచే పాత కంప్యూటర్లు రెండే మిగిలాయి. సిబ్బంది విభాగంలో ఒకటి, స్టోరులో ఒకటి."

ఆపరేటరు గురించి అడిగితే సిబ్బంది విభాగం అధికారిణి తడుముకోకుండా చెప్పింది. "మంచి గొంతు. ఎవరితోనూ కలిసేది కాదు. పోయాక డైరెక్టరీలో ఆవిడ పేజీ కనబడకుండా నేనే చేశాను. ఇప్పుడు ఆవిడ పేరుతో వెళితేనే తెరుచుకుంటుంది."

స్టోర్‌కీపరు గదిలో ఒకటే కుర్చీ ఉంది. ఆయన లేచి నిలబడ్డాడు. "ఎప్పుడూ చూడలేదండీ, ఫోన్లోనే మాట. ఆవిడకి ఏసీ గాలి పడదు. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోతుంది."

డిటెక్టివ్ అందరినీ ఆస్పత్రి సూపరింటెండెంటు గదికి పిలిపించాడు.

"పాత కంప్యూటరు పాత పద్ధతిలో అడిగితే సర్వరు చెల్లదంది. ఇతను రాసిన ప్రోగ్రాము అక్కడ ఆగాలి. కానీ ఆ ఎర్రరును మింగేసి, పేరూ పాస్‌వర్డూ లేని అతిథిలా మళ్లీ తలుపు తట్టింది. సర్వరు రానిచ్చింది. తెర మీదా లాగ్‌లోనూ మాత్రం టైపు చేసిన పేరే నిలిచింది, ఆ పేరు చూసే పేజీ తెరుచుకుంది. ఇది ప్రోగ్రామరు పొరపాటే గాని నేరం కాదు." ఆయన స్టోర్‌కీపరు వైపు తిరిగాడు. "అధికారిణి 'కలిసేది కాదు' అన్నారు. మీరు 'గాలి పడదు' అన్నారు. మీ మాటల్లో ఆవిడ ఇంకా పోలేదు."

స్టోర్‌కీపరు కాదనలేదు.

"పదకొండేళ్లు మాట్లాడుకున్నామండీ. ఆవిడ కూర్చునేది పై అంతస్తే. రెండుసార్లు మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను. ఆ పేజీలో ఫొటో ఉంది. అన్నం తింటూ చూసుకుంటాను."

"పాస్‌వర్డు ఎవరిచ్చారు?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఎవరూ ఇవ్వలేదండీ. ఊరికే మా స్టోరు ఫోన్ నంబరు కొట్టాను. తెరుచుకుంది." ఆయన ముఖం వెలిగింది. "నా నంబరే పెట్టుకుంది ఆవిడ."

జరిగింది ఆయనకు అర్థం కాలేదని సహాయకురాలికి తెలిసిపోయింది. తల వంచుకుంది.

"ఏం కొట్టినా తెరుచుకునేదండీ," అన్నాడు డిటెక్టివ్ మెల్లగా.

సూపరింటెండెంటు ప్రోగ్రామరుకు మాటిచ్చి పంపాడు. ఆ ఎర్రరు వస్తే అక్కడికక్కడే ఆగేలా సాయంత్రానికల్లా సరిచేయాలి, ఉద్యోగానికి ఢోకా లేదు. అతను వెళ్లబోతూ ఆగి, బల్ల మీది కొత్త కంప్యూటరును స్టోర్‌కీపరు వైపు తిప్పాడు.

"ఇది పాస్‌వర్డు సరిచూస్తుందండీ. ఆవిడ పాస్‌వర్డు ఏమిటో నాకూ కనబడదు. కావాలంటే మీ నంబరు కొట్టి చూడండి, నిజంగా అదే పెట్టుకున్నారో లేదో తేలిపోతుంది."

స్టోర్‌కీపరు వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి. మొదటి అంకె దగ్గర చాలాసేపు ఆగాయి.

"వద్దులెండి," అన్నాడు. లేచి, కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, స్టోరుకు వెళ్లిపోయాడు.