నూట పన్నెండో నాణెం

నూట పన్నెండో నాణెం. అంచున చిన్న గాటు. తెచ్చినావిడను తలెత్తి చూడకుండానే రసీదు కోసం బెంచీ మీద కూర్చోమని, కుముదిని గాటుకు సరిగ్గా ఎదురంచును భూతద్దం కిందికి తిప్పింది. టంకశాలలో బిళ్ళ కోసేటప్పుడే ముక్క పోయి ఉంటే, అచ్చు పడినప్పుడు ఎదురంచు గట్టు పలచబడుతుంది. ఇక్కడ గట్టు నిక్షేపంగా ఉంది. పైదెబ్బ. బొటనవేలు నొక్కగానే నికష యంత్రం నోరు తెరిచి నాణేన్ని కరుగుగదిలోకి మింగేసింది. రద్దయిన నాణేల్లో అచ్చులోనే పుట్టులోపం ఉన్నవాటికే మినహాయింపు, వాటిని తిరిగి ఇచ్చేస్తారు. తక్కిన లోహమంతా ప్రభుత్వానిదే. పదకొండేళ్లుగా ఆమె పని ఇదే. ఆ యంత్రం తీర్పు చెప్పడం చదువుకున్నదీ ఆమె బొటనవేలి దగ్గరే.

తరువాతి మనిషి గవరయ్య, డెబ్బై దాటినవాడు. పాత రెండు రూపాయల బిళ్ళ బల్ల మీద పెట్టాడు గానీ చెయ్యి తీయలేదు.

"అచ్చులోనే అలాగొచ్చిందమ్మా. ఎదురంచు కూడా చూడండి, అరిగిపోయుంది."

అరిగే ఉంది, సానరాతి గీతలతో సహా. లైనులో ఎవరో మహానుభావుడు సగం విద్య నేర్పినట్టున్నాడు.

"ఎన్నాళ్లు రుద్దారు?"

ఆయన తల దించుకున్నాడు. "మూడ్రోజులు. ఆ గాటు మా ఇంటిదానిదమ్మా. దానికి చూపు లేదు. రైల్లో పల్లీలమ్మేది. రూపాయీ రెండ్రూపాయలూ చేతికి ఒక్కలాగే తగిలేవని ఆకురాయితో గాట్లు పెట్టుకునేది. అది పోయాక ఇదొక్కటే మిగిలింది." అరిగిన అంచును వేలితో తడిమాడు. "నానే పాడు చేసీసేనా?"

అవును. రుద్దకపోయినా అది పైదెబ్బే. రుద్దాక రెండు దెబ్బలు.  కుముదిని కళ్లు మూసుకుని గాటు మీద వేలు పెట్టింది. గోరు అందులో సరిగ్గా ఇమిడింది. ఏడుపొచ్చింది.

'పుట్టులోపం' మీద నొక్కింది. నికష ఒక్క క్షణం ఆగి సొరుగు తెరిచింది. గవరయ్య నాణేన్ని గుప్పిట్లో పెట్టుకుని, దండం పెట్టడం కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

నికష మాత్రం తరువాతి నాణెం తీసుకోలేదు. గాట్ల గురించి కొత్తగా నేర్చుకున్నదాంతో పాత తీర్పులన్నీ తిరగదోడడం మొదలుపెట్టింది. ఆమె పంపిన గాటు నాణేలు తెర మీదికి ఒక్కొక్కటే వచ్చాయి: పుట్టులోపం, యజమానికి తిరిగి ఇవ్వవలెను. పక్కనే వాటి స్థితి: కరిగింది. కరిగింది. కరిగింది. అన్ని కిటికీల దగ్గరా లైన్లు ఆగిపోయాయి. కుముదిని బొటనవేలు నొక్కింది, మళ్లీ నొక్కింది. ఆగలేదు.

చివరికి నూట పన్నెండోది కూడా వచ్చింది. అప్పుడు తలెత్తి చూసింది. తెచ్చినావిడ ఇంకా బెంచీ మీదే ఉంది, తెల్లకర్ర ఒళ్ళో పెట్టుకుని, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని.