పాంతలేయో సుత్తి

నాకు అబద్ధం చెప్పడం రాదు. మా రేవులో ఎవరినడిగినా చెబుతారు. కాకపోతే నిజం కాస్త చిక్కిపోయి, రంగు వెలిసి కనబడితే చూస్తూ ఊరుకోలేను. దానికి నాలుగు ముద్దలు పెట్టి, తల దువ్వి పంపిస్తాను. దయాగుణం అంటే అదే కదా!

ఆ దయాగుణంతోనే ఎనిమిదేళ్ళపాటు ఒక దెయ్యాన్ని పెంచాను.

మా రేవు నుంచి మోటారు పడవలో పావుగంట పోతే నీళ్ళ కింద ఒక బండ ఉంది. పైకి ఏమీ కనబడదు. దాని నెత్తి ఆరు మీటర్ల లోతులో, పాదం ఇరవై మీటర్ల లోతులో. వేసవిలో ఎక్కడెక్కడి జనమో వచ్చి, వీపుకి సిలిండర్లు కట్టుకుని, ఎర్ర పగడాల మధ్య కాసేపు ఈది పోయేవారు. పగలు ఏ చప్పుడూ ఉండేది కాదు. చీకటి పడితే మాత్రం... ఆ బండ తట్టేది.

టక్... టక్... టక్.

కాస్త ఆగడం. మళ్ళీ మూడు.

పడవ అడుక్కి చెవి ఆనిస్తే వినబడేది. నీళ్ళలో ఉన్నవాడికైతే ఎటు నుంచో తెలిసేది కాదు. నీళ్ళలో చప్పుడికి దిక్కుండదు. అన్ని వైపుల నుంచీ ఒక్కసారే వస్తుంది — నీ పుర్రె లోపలే ఎవడో కూచుని కొడుతున్నట్టు. జాలర్లు ఆ దాపుల వలలు వెయ్యడం మానేశారు. రాత్రి డైవింగ్ మాట ఎత్తితే లెంపలు వేసుకునేవారు. "పాంతలేయో పనిలోకి దిగాడు" అని తలుపులు బిగించుకునేవారు.

పాంతలేయో రాతిపని మేస్త్రీ. వారమంతా సుత్తీ ఉలీ, ఆదివారం ఒక్కరోజు సముద్రం. ఒక ఆదివారం ఆ బండ దగ్గరే, ఉత్తరం వైపున, గుండె ఆగిపోయింది. పక్కనే ఉన్న చెల్లెలు కోజిమా అతన్ని పైకి తెచ్చింది. తెచ్చేసరికి... ఏమీ మిగల్లేదు. సమాధి చేశాం, ఊరంతా ఏడ్చాం. అక్కడితో అయిపోవాలి.

మరుసటి ఏడు బండ తట్టడం మొదలైంది.

నేనెవరినంటారా? కోజిమా నడిపే డైవింగ్ దుకాణంలో సిలిండర్లకి గాలి పట్టేవాణ్ణి. పేరు ఒరోంజో. ముప్పయ్యేళ్ళుగా నీళ్ళ కింద ఊరంతటికీ ఊపిరి పోస్తున్నాను. నాకు ఈత రాదు.

ఆ కొత్తల్లో ఓ సాయంత్రం కతాల్దో, రేవు మీద భోజనశాల నడిపేవాడు, నా గ్లాసులో వైన్ పోస్తూ అన్నాడు: "ఏం ఒరోంజో, మన మేస్త్రీ అక్కడా గోడ కడుతున్నాడేమో!"

నాకది చిక్కిపోయిన నిజంలా కనబడింది. ముద్దలు పెట్టాను.

"గోడ కాదయ్యా, తలుపు. బయటికి రావడానికి తలుపు చెక్కుకుంటున్నాడు. మూడేసి దెబ్బలే ఎందుకు? నీళ్ళలో చెల్లెల్ని పిలవాలంటే కత్తి పిడితో సిలిండర్ మీద మూడుసార్లు తట్టేవాడు. ఇప్పుడూ దాన్నే పిలుస్తున్నాడు."

డైవర్లందరూ అలా తట్టే పిలుచుకుంటారు. మూడు మాత్రం పాంతలేయోది. నిజానికి ఆ బండ దెబ్బలు మూడో, ఏడో, అప్పటిదాకా ఎవడూ లెక్కపెట్టలేదు. నేను చెప్పిన తరవాత ఊరంతా మూడే విన్నది.

కతాల్దో చప్పట్లు కొట్టాడు. వంటింట్లోకి వెళ్ళి, పొగలు కక్కే స్పగెట్టీ ఒక కంచం తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో గోధుమరంగు గుల్లలు, వేలంత పొడుగువి. సముద్రపు ఖర్జూరాలు అంటాం మేము. పట్టడం, అమ్మడం, తినడం ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. అందుకే అంత రుచి.

అప్పట్నుంచి అదే వరస. కొత్త మొహం వస్తే చాలు, "ఒరోంజో, ఆ బండ సంగతి చెప్పు" అనేవాడు కతాల్దో. నేను చెప్పేవాణ్ణి, అతను పెట్టేవాడు. ఆ గుల్లలు ఎక్కడివని ఒక్కసారీ అడగలేదు. నోటినిండా ఉన్నవాడికి ప్రశ్నలు ఎలా వస్తాయి?

ఈ కథ పాంతలేయో తల్లి తెక్లాకి చెప్పినవాడు లేడు. అయినా చేరింది. కథలకి కాళ్ళు నేనే ఇచ్చాను మరి!

నవంబరు ఒకటో తేదీ రాత్రి మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ బల్ల ఖాళీగా వదలం. చచ్చిపోయినవాళ్ళు వస్తారని రొట్టె, నీళ్ళు, దీపం పెట్టి పడుకుంటాం. తెక్లా ఏడాది పొడుగునా పెట్టేది. వీధి తలుపు గడియ వెయ్యడం మానేసింది. పొద్దున్నే రేవుకొచ్చి జాలర్లని అడిగేది: "రాత్రి తట్టాడా?" తట్టాడంటే ఏడుపు. తట్టలేదంటే ఇంకా ఏడుపు.

పోయిన ఏడు ఆ చచ్చినవాళ్ళ రాత్రే... దుకాణంలో కంప్రెసర్ టక్కున ఆగిపోయింది. చూస్తే కోజిమా. స్విచ్చి మీద చెయ్యి. మొహం సున్నం.

"బాబాయ్, లే. పడవెక్కు."

"ఇవాళా? ఈ రాత్రి వద్దు తల్లీ—"

"అమ్మ నడుంలోతు నీళ్ళలోకి దిగిపోయింది. జాలర్లు ఈడ్చుకొచ్చారు. కొడుకు పిలుస్తుంటే చెల్లెలు పలకడం లేదట. అందుకని తనే వెళ్తుందట. ఇవాళ ఆపాను. రేపు?"

గాలి గొట్టం రెండు చేతులా పట్టుకున్నాను.

"నాకు ఈత రాదమ్మా."

"మాటలొచ్చుగా! వాటిని పట్టుకుని తేలు."

చంద్రుడు లేడు. సముద్రం నూనె పోసినట్టుంది. బండ దగ్గర పడ్డాక మోటారు ఆపి తెడ్లు వేసింది. దీపం మీద గుడ్డ కప్పాను.

ముందు ఏమీ లేదు.

తరవాత... నా మడమల్లోకి వచ్చింది. పడవ అడుగునుంచి, చెక్కలోంచి.

టక్... టక్...

"కోజిమా," అన్నాను గుసగుసగా. "నిజంగా అన్నయ్యే అయితే?"

"అన్నయ్యే అయితే చెంప పగలగొట్టి ఇంటికి తీసుకొస్తా. అమ్మని ఇన్నేళ్ళు ఏడిపించినందుకు." అద్దం మొహానికి బిగించుకుంది. "కాకపోతే... నీ చెంప ఎలాగూ ఉంది."

చప్పుడు లేకుండా జారిపోయింది.

ఇక్కణ్ణించి ఆమె చెప్పింది చెప్పినట్టే. నేను ముద్ద పెట్టలేదు. ఆమె పెట్టనివ్వలేదు.

ఎనిమిది మీటర్ల దగ్గర తన లైటు ఆర్పేసిందట. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే నలుపు. దెబ్బలు ఎటు నుంచో తెలియడం లేదు. పక్కటెముకల్లో మోగుతున్నాయి. బండని చేత్తో తడుముకుంటూ ఉత్తరం వైపు తిరిగింది — అన్న పోయిన వైపు. తొమ్మిదేళ్ళుగా ఆమె అటు వెళ్ళలేదు. ఎవర్నీ తీసుకెళ్ళలేదు.

చేతికి తగలాల్సిన పగడం తగల్లేదు. స్పాంజి తగల్లేదు. పాచి కూడా లేదు. గరుకు రాయి... పచ్చి దెబ్బలు. చర్మం వలిచిన పశువుని తడిమినట్టుందట.

అప్పుడు ముందర ఏదో మసక వెలుగు. దాని చుట్టూ నీళ్ళు పాలలా తెల్లగా. మేస్త్రీ ఇంట్లో పుట్టిన పిల్ల కదా, ఆ తెలుపేమిటో ఆమెకి తెలుసు. రాతిపొడి.

వెలుగులో ఒక వీపు. ఒక చెయ్యి లేస్తోంది, దిగుతోంది. టక్. రాయి పెచ్చులూడుతోంది. ఆ రెండో చెయ్యి పగిలిన కన్నంలోంచి వేలంత గుల్లని ఊడబెరికి నడుం సంచిలో వేసుకుంటోంది. ఆ గుల్ల రాయిలో తొలుచుకుని వేలంత ఎదగడానికి పాతికేళ్ళు పడుతుంది. తియ్యాలంటే రాయిని బద్దలు కొట్టడం తప్ప దారి లేదు.

"కోపంతో నోట్లో గొట్టం కొరికేశాను బాబాయ్," అంది. గొట్టం చూపించింది కూడా. రెండు పళ్ళ గాట్లు.

పొడవచ్చు, గాలి ఆపేయచ్చు. అవేవీ చెయ్యలేదు. వెనక నుంచి, చీకట్లోంచి, కత్తి పిడితో ఆ వీపుమీది సిలిండర్ని తట్టింది.

మూడుసార్లు.

పైన పడవలో నాకు అదేమీ తెలియదు. దెబ్బలు ఆగిపోయాయి. అంతే. ఆగిపోవడానికే ఎక్కువ భయం వేసింది. శిలువ గుర్తు ఎన్నిసార్లు వేసుకున్నానో...

నీళ్ళు భళ్ళున పగిలాయి. ఒక నల్లటి తల. రెండు చేతులు పడవ అంచు పట్టుకున్నాయి. నేను కేక వేశాను. అదీ కేక వేసింది.

"పాంతలేయో! వదులు నన్ను! నీ కథ అల్లింది నేను కాదు, ఆ ఒరోంజోగాడు!"

దెయ్యం నోట నా పేరు!

దీపం మీద గుడ్డ లాగేశాను. కతాల్దో. వీపున సిలిండర్, దాని మెడకి నీలం పట్టీ. నేను గాలి పట్టిన ప్రతి సిలిండర్‌కీ నా చేత్తో వేసే పట్టీ. పడవల అడుగు గీకించాలంటూ ప్రతి సోమవారం ఖాళీ సిలిండర్ తెచ్చేవాడు. దెయ్యం ఇన్నేళ్ళూ పీల్చిన గాలి నేను నింపిందే. నడుం సంచిలో గోధుమరంగు గుల్లలు. దెయ్యాన్ని వారానికోసారి వెల్లుల్లితో తిన్నదీ నేనే.

తెడ్డు ఎత్తాను. అతన్ని కొట్టాలో నన్ను కొట్టుకోవాలో తేలక అలాగే పట్టుకు నిలబడ్డాను. ఇంతలో కోజిమా తేలింది. చేతిలో సుత్తి.

"ఎక్కు కతాల్దో. నువ్వు చస్తే ఈయనకి ఇంకో కథ దొరుకుతుంది."

"అందరూ తింటారు కోజిమా..." వాడు పడవ అంచు వదల్లేదు. "పెద్దపెద్దవాళ్ళే అడిగి మరీ తింటారు..."

"సముద్రంలో ఇంకెక్కడా రాయి లేదట్రా? మా అన్న పడిపోయిన చోటే దొరికిందా?"

వాడు తలొంచుకున్నాడు. "అటు నువ్వు రావని తెలుసు."

నా కోపాలన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. ఇప్పటికీ రాత్రి గుర్తొస్తే లేచి కూచుంటాను. ఆడపిల్ల దుఃఖాన్ని కంచె చేసుకున్నాడు వెధవ! ఆ కంచెకి ముళ్ళు నేను కట్టాను.

వాణ్ణి ఆ రాత్రే తీరం కాపలావాళ్ళకి అప్పజెప్పాం. బండకి అవతల దీపం లేకుండా లంగరేసిన వాడి పడవ కూడా దొరికింది. వాడు ఇప్పటికీ అంటాడు: తట్టింది ఒకరు కాదు, ఇద్దరు, రెండోది బండ లోపలి నుంచి అని. నేను దాని జోలికి పోను.

తెక్లా ఇంటి తలుపు ఎప్పటిలాగే తీసే ఉంది. బల్ల మీద దీపం, రొట్టె, నీళ్ళు. కోజిమా తడిబట్టల్తోనే లోపలికి వెళ్ళి రొట్టె పక్కన సుత్తి పెట్టింది, వెనకే నేను.

"అమ్మా, ఇన్నేళ్ళూ తట్టింది ఇది."

జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పింది. ముసలమ్మ సుత్తిని దీపం దగ్గరికి లాక్కుని, పిడి మీద వేలు రాసింది.

"ఇది నా కొడుకుది కాదు. వాడిది ఆలివ్ కర్ర పిడి. ఇది కొట్లో కొన్నది." సుత్తిని బల్ల అంచుకి తోసేసింది. "అయితే... వాడు పడుకునే ఉన్నాడన్నమాట."

"పడుకునే ఉన్నాడమ్మా."

తెక్లా లేచింది. నడవలోకి వెళ్ళి తలుపు మూసింది. గడియ పెట్టింది. ఎనిమిదేళ్ళ తుప్పు... ఆ గడియ చేసిన చప్పుడు ముందు బండ చప్పుడు ఎంత!

అప్పుడు వచ్చింది ఆవిడకి కోపం.

"తలుపు చెక్కుకుంటున్నాడని, చెల్లెల్ని పిలుస్తున్నాడని... నా బిడ్డని చచ్చినా నిద్రపోనివ్వని ఆ నోరెవడిది? ముందు ఆ మాట అన్నదెవడే?"

కోజిమా నా వైపు చూసింది.  ఆ మాట నా కోసం వదిలేసింది.

నోరు తెరిచాను. జన్మలో మొదటిసారి లోపల ఏమీ లేదు.

తెక్లా బల్ల మీది రొట్టె విరిచి నా చేతిలో పెట్టింది. "తిను ఒరోంజో. ఈ రాత్రి నా కూతురి వెంట వెళ్ళినవాడివి నువ్వొక్కడివే. వాడింక రాడు. నువ్వు తిను."

తిన్నాను. అంతా తిన్నాను.

కతాల్దో భోజనశాల మూతపడింది. బండ ఉత్తరం వైపు ఇంకా బోడిగానే ఉందట. దాని మీద మళ్ళీ ఎర్రదనం చూసే వయసు నాకు లేదు. ఈ కథ మాత్రం ఎక్కడ కావాలంటే అక్కడ, నా వెధవతనంతో సహా, బాగానే చెబుతున్నాను. ప్రతి ఆదివారం తెక్లా ఇంటికీ వెళ్తాను. గాలి ఎటు వీస్తోందో మాట్లాడుకుంటాం. లేచి వచ్చేస్తాను. "ఆ నోరు నాదే" అని ఆవిడ ఎదుట అనడం నాకింకా చేతకాలేదు.

ఈతా రాలేదు.