గోపమ్మ కొట్టిన ఊ

బర్రెకు కుడితి పెట్టి, చేతులు కడుక్కుని, అంజిలయ్య చాయ్ గ్లాసుతో అరుగు మీద కూర్చున్నాడు. ఎంకపల్లిలో అన్ని ఇళ్లలాగే ఆ ఇంట్లోనూ పొద్దున్నే చీపురు చప్పుడూ, కుక్కర్ కూతా ఉన్నాయి. లేనిదల్లా భార్య గోపమ్మ గొంతు. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమెతోపాటే అంజిలయ్య కథలూ పోయాయి.

అవి అలాంటిలాంటి కథలా! గండిపేట చెరువులో ఓ చేప తన ఎడ్లబండిని అమాంతం మింగేస్తే, దాని కడుపులోనే నాగలి కట్టి, జొన్న వేసి, కోత కోసి, బస్తాలతో బయటికొచ్చిన మొనగాడాయన. ఎంత మొనగాడైనా కథకు ఊ కొట్టే మనిషి కావాలి. ఆ పని ఎప్పుడూ గోపమ్మదే. "ఇది నిద్రల గూడ ఊ కొడ్తది" అని ఆయన ఊరంతా వేళాకోళం చేసేవాడు. ఇప్పుడెవరైనా కథ అడిగితే గొంతు బాగాలేదంటాడు. గోపమ్మ పేరెత్తితే తింటున్న కంచం వదిలి లేచిపోతాడు.

లోపల కొడుకు జగదీశ్ ఫోన్‌లో ఉన్నాడు. పాత పాటల, మాటల రికార్డింగులు శుభ్రం చేసే మాదాపూర్ కంపెనీలో వాడి ఉద్యోగం.

"బాపు గొంతు మొత్తం తగ్గించెయ్యి అన్నా. అసలు వినబడొద్దు. ముక్కలు ముక్కలైనా ఫికర్ లేదు. ఆయనకు మాత్రం తెల్వొద్దు."

గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. కోడలు పూజిత అరుగు వైపు చూసి గబుక్కున తలుపు దగ్గరికేసింది.

జగదీశ్ బండి సందు దాటగానే అంజిలయ్య సందుగ పెట్టె తెరిచాడు. ఎప్పుడో కొత్తగా టేప్ రికార్డర్ కొన్నప్పుడు తన కథలు రికార్డు చేసిన క్యాసెట్ అందులో ఉండాలి. లేదు.

షేర్ ఆటో ఎక్కి, చేవెళ్ల రోడ్డు మీది హిమాయత్‌నగర్‌లో ఈశ్వరయ్య హోటల్ దగ్గర దిగాడు. ఈశ్వరయ్య చాయ్ కాచేది తక్కువ, పొలాలు అమ్మించేది ఎక్కువ. పట్నంలో కంప్యూటర్ ఆఫీసులు లేచిన కొద్దీ చేవెళ్ల రోడ్డు మీద కొనేవాళ్ల కార్లు బారులు తీరుతున్న కాలమది. అంజిలయ్య పొలం సరిగ్గా రోడ్డు పక్కనే ఉంది. కానీ దాని మూలన గోపమ్మ సమాధి ఉంది. "నా ఊపిరి ఉన్నన్ని దినాలు అమ్మేది లేదు" అని ఆయన అందరికీ చెప్పేశాడు.

సంగతంతా విని ఈశ్వరయ్య గొంతు తగ్గించాడు. "కాకా, కంప్యూటర్‌ల ఏదన్న చేస్తరు. పాటల డప్పు ఒక్కటే తీసేస్తరు, ఈల ఒక్కటే పెంచుతరు. నీ మాటలల్ల 'పొలం' ఒకకాడ, 'అమ్మిన' ఒకకాడ ఏరి అతికించిండ్రనుకో, నలుగురి ముంగట నీ నోటితోనే ఒప్పుకున్నట్టు గాదా?"

అంజిలయ్య తన కథలన్నీ తలుచుకున్నాడు. చేప కథ ముగిసేదే "జొన్నలన్నీ చేవెళ్ల అంగట్ల అమ్మిన" అనే మాటతో!

ఆ రోజు నుంచి ఆయన మాటల్ని పొదుపుగా వాడాడు. పొలానికి పోతూ "అటు పోతున్న" అని చెయ్యి ఊపేవాడు. పాలు అమ్మావా అని పక్కింటి ముత్తమ్మ అడిగితే తలాడించి ఊరుకున్నాడు. "మామా, ఒక్కసారి చేప కథ చెప్పరాదు?" అని పూజిత అడిగినప్పుడైతే, ఇంకేవో మాటలు తక్కువ పడ్డాయి కాబోలనుకుని నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు.

గోపమ్మ సంవత్సరీకం ముందురోజు జగదీశ్ ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టాడు. అంజిలయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నా గొంతు ఏడ దాచినవ్‌రా?"

"ఏం గొంతు బాపు?"

"నాకు తెల్వదనుకున్నవా! అమ్మిన అని నాతోటి అనిపిస్తవా? మీ అవ్వ పండుకున్న జాగ గూడ బేరం పెట్టినవా?"

"అవ్వ జాగ నేను అమ్ముతనా? ఎవడు చెప్పిండు నీకు?"

"మరి క్యాసెట్ ఎందుకు దొంగిలించినవ్? నా గొంతు ఎందుకు కోస్తున్నవ్?"

"మామా, తిట్టేది తర్వాత తిట్టు. ముందు ఇటు కూసో" అని పూజిత ఆయన చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. తెర మీద రంగురంగుల గీతలు కనిపించాయి.

"ఒక్కో చప్పుడు ఒక్కో గీత బాపు" అన్నాడు జగదీశ్. తెర మీద వేలు పెట్టి చూపించాడు. "ఈ పెద్ద మంట లెక్క లేచింది నువ్వు. గిది ఆ దినం పడ్డ వాన. గిది మేక అరుపు. నీ మంట కింద మిణుగురు లెక్క ఉన్నది చూడు, అది అవ్వ. ఆమె గొంతు మన దగ్గర ఇంకెక్కడ లేదు. నిన్ను తగ్గిస్తెనే ఆమె వినబడతది. పేరెత్తితే లేచి పోతవని, రేపు సంవత్సరీకం నాడే వినిపిద్దామని చెప్పలే."

క్యాసెట్‌లోని కథ మొదలుపెట్టి, ఒక్కో మీటా నొక్కాడు. వాన ఆగిపోయింది. మేక మాయమైంది. జీవితంలో మొదటిసారి అంజిలయ్య గొంతూ అణిగింది.

"ఊ."

గోపమ్మ.

"ఊ... ఊ..." ఒకటి ఆత్రంగా, ఒకటి నవ్వు ఆపుకుంటూ, ఒకటి మరీ అంత కోతా అన్నట్టుగా వినిపించాయి. ఏ ఒక్కటీ నిద్రలోది కాదు. ఆ వెంటనే, ఎప్పుడూ ఆయన గొంతు కింద నలిగిపోయిన మాట బయటపడింది. "అయితే జొన్నకు నీళ్లెవరు పెట్టిండ్రు?"

అంజిలయ్య, పక్కనున్న కొడుకు మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె అడిగింది. తాను కథలో ఊగిపోతూ వినలేదు. వినకపోగా, నిద్రపోయేదని ఊరంతా నవ్వించాడు.

"ఇంకొక్కపారి పెట్టు బిడ్డా" అన్నాడు.

మొన్న నోటికి అడ్డం పెట్టుకున్న కండువాతోనే ఈసారి కళ్లు తుడుచుకుని, కథ ఎత్తుకున్నాడు. గండిపేట చెరువు, చేప, ఎడ్లబండి. ఆయన మాటకు మాటకు మధ్య గోపమ్మ ఊ కొడుతూ వచ్చింది. ఓచోట ఆమె తొందరపడితే "ఆగవే, ఇంక నాగలే కట్టలే" అని విసుక్కున్నాడు కూడా. పూజిత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది.

జొన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు. మాట అడ్డం వేయకుండా, ఊపిరి బిగబట్టి విన్నాడు.

"అయితే జొన్నకు నీళ్లెవరు పెట్టిండ్రు?"

"చేప కడుపుల నీళ్లకేం కరువే, పిచ్చిదానా!"

ల్యాప్‌టాప్‌లోంచి, కాస్త ఆలస్యంగా, నమ్మీ నమ్మనట్టుగా, "ఊ" అంది గోపమ్మ.