నూరుపాతర్ల మిట్ట

కోయిలకుంట్ల నుంచి ఊళ్ళోకి పోయే దారిలో నూరుపాతర్ల మిట్ట ఉంది. పొద్దు గూకితే ఆటోవాళ్ళు కూడా అటు రారు. మిట్ట మీద అడుగు వేస్తే చాలు, కింద నుంచి ఇంకో అడుగు బదులు పలుకుతుందట.

ఎప్పుడో కప్పం కట్టలేదని నూరుమందిని బతికుండగానే అక్కడ పాతరేశారని చెప్పుకుంటారు. కప్పం ఎవరడిగారు, ఏ ఏట అడిగారు అంటే ఎవరూ చెప్పలేరు. లెక్క మాత్రం తప్పరు... నూరు. గుంతలు తవ్వింది పాతరోళ్ళనే ఇంటిపేరు వాళ్ళట.

ఆ పాతరోళ్ళ ఇంటి కోడలు మహాదేవి. కాపురానికొచ్చి పదకొండేళ్ళయినా, ఆ పాపం అంటుతుందని ఆమె చేతి నీళ్ళు ఊళ్ళో ఎవరూ తాగలేదు.

ఇప్పుడు పరమేష్ అనే కుర్రాడు నలుగురినీ కూడగట్టి ఆ నూరుమంది గుర్తుగా మిట్ట మీద రాతిపలక నిలబెట్టించాడు. తెల్లారితే దాని ముసుగు తీస్తారు. పలక మీద, పాతరేసినవాళ్ళుగా తమ ఇంటిపేరు కూడా చెక్కారని విన్నప్పటి నుంచి మహాదేవికి మనసు నిలవడం లేదు. ఆ రాత్రి బస్సు దిగి, చూడకుండా పోలేక మిట్ట ఎక్కింది.

ధన్... ఆమె అడుగు.

ధన్... కింద ఇంకో అడుగు.

ఆగింది. అదీ ఆగింది.

"ఎవురు?" అంది మహాదేవి.

రెండంగల్లో పలక చేరి, గుడ్డ ఎత్తి సెల్లు వెలుగు పట్టింది. 'పాతరోళ్ళు'... ఉంది. వేలు పెడితే దిగేంత లోతుగా ఉంది. రేపు తన కూతురు బడికి పోతూ చదివేది ఇదే.

వెనక్కి ఒక్క అడుగు వేసింది —

నేల కుంగింది. కాలు మోకాటిదాకా దిగిపోయింది. లోపల నుంచి ముక్కిపోయిన వాసన, ఎవరో ఊపిరి వదిలినట్టు... పాదానికి చల్లగా, గట్టిగా ఏవో తగులుతున్నాయి. పళ్ళలా...

ఒక్క గుంజు గుంజింది. కాలితో పాటు గుప్పెడు ఏదో పైకొచ్చింది. సెల్లు వెలుగులో చూసింది. చానాసేపు చూసింది.

తెల్లారి జనం పోగయ్యాక పలక ముందు నిలబడి పిడికిలి విప్పింది. నల్లబడిన జొన్నలు!

"పాతరంటే మనిషిని పూడ్చేదే కాదప్పా. కరువుకని గింజలు దాచే గుంతా పాతరే. మావోళ్ళు తవ్వింది ఆ గుంతలే. కింద బోలుగా ఉండాది, అందుకే అడుగు మోగుతాండాది."

పరమేష్ బిక్కమొహం వేశాడు. "మరి నూరుమంది యాడికి పోయినారక్కా? చెక్కేసినాం గదా!"

"నూరు గుంతలురా, నూరు పీనుగులు గాదు!" ఎనభై దాటిన గిడ్డమ్మ కట్టె ఊనుకుంటూ ముందుకొచ్చింది. ఒక గింజ తీసి కొరికింది. "జొన్నే... పాతర తీసేటప్పుడు లోపల గాలి చెడిందేమోనని ముందు దీపం దించి చూస్తాండ్రని మా అవ్వ చెప్తాండె. విన్నా, మర్సిపోయినా."

గింజ దుమ్ము గొంతుకు అడ్డం పడి ఆమెకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. పరమేష్ నీళ్ళసీసా అందించబోయాడు. ముసలామె చేత్తో తోసేసింది.

"నీది గాదులే. మహాదేవీ... నీ కాడ నీళ్ళుండాయా?"

మహాదేవి తన సీసా మూత తీసి అందించింది. గిడ్డమ్మ అందరి ముందే గుటకలేసింది.