రానీ... రానీ... ఆపు!

ఆ రోజు పొద్దున్నే లైల్ రెండు కప్పుల్లో కాఫీ పోసుకుని బండి దిగాడు. ఒకటి అతనికి. మరి రెండోది?

ఆర్డిస్ దువ్వెన చేతిలో పట్టుకునే కిటికీ తెర కొంచెం పక్కకి జరిపింది. వంటగది, పడకగది, స్నానాలగది అన్నీ కలిపిన పెద్ద బండి వాళ్ళది. కిటికీలకేం కొదవలేదు. లైల్ పైన్ చెట్ల మధ్య నుంచి అవతల ఆగివున్న తెల్ల ట్రెయిలర్ దాకా నడిచాడు. దాని ముందు మడతకుర్చీలో కూర్చున్న గార్నెట్ లేచి, ఎదురొచ్చి మరీ కప్పు అందుకుంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆర్డిస్‌కి అతను మంచం దగ్గరికి కాఫీ తెచ్చింది ఆమె కాలు విరిగినప్పుడు మాత్రమే. అదీ చక్కెర లేకుండా.

గార్నెట్ స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. భర్త పోయాక ఒక్కతే ట్రెయిలర్ లాక్కుంటూ ఊళ్ళు తిరుగుతోంది. టీటన్ కొండల్లో మొదటిసారి కనబడింది. యెల్లోస్టోన్‌లో మళ్ళీ ప్రత్యక్షమైంది. ఇప్పుడు గ్లేసియర్ పార్కులోనూ ఉంది. నేషనల్ పార్కులు అందరివీ, ఎవరినీ రావద్దనలేం. కానీ దేశంలో ఇన్ని కొండలుండగా ఈవిడకి ఇవే దొరకాలా?

ఒక్క కాఫీయే అయితే ఆర్డిస్ ఊరుకునేది. ఈ ప్రయాణం మొదలైనప్పటి నుంచి లైల్ వరసే బాగాలేదు. కొండదారుల్లో బండిని ఎంత నెమ్మదిగా నడుపుతున్నాడంటే వెనకాల పెళ్ళి ఊరేగింపులా కార్లు బారులు తీరుతున్నాయి. వెనకొచ్చే తెల్ల ట్రెయిలర్ తమని అందుకోవడానికే అని ఆమె లెక్క. నిన్న పచ్చికలో పడివున్న దుంగని చూపించి, "ఎంత పెద్ద దుప్పో చూడు!" అన్నాడు. మనసెక్కడో పెట్టుకున్నవాడి మాట అది. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడటం మానేశాడు. ఏం అడిగినా ఆమె చెవి వైపు చూస్తూ జవాబు చెబుతాడు. తప్పు చేసిన మగాడి చూపు అలాగే ఉంటుందని ఆర్డిస్ ఎప్పుడో చదివింది.

లైల్ రెండు ఖాళీ కప్పులతో తిరిగొచ్చాడు.

"ఎక్కడికెళ్ళావు?"

"అలా గాలికి."

"ఈ కొండల్లో గాలి కూడా కాఫీ తాగుతుందన్నమాట."

"అదీ... దారిలో ఎవరో కనబడితే ఇచ్చాను."

"ఎవరో అంటే? ఎలుగుబంటా?"

లైల్ ఆమె కుడి చెవి వైపు చూశాడు. "ఊరికే రాద్ధాంతం చెయ్యకు ఆర్డీ. సామాను సర్దు, తర్వాతి క్యాంపుకి పోదాం."

అంతే, ఆర్డిస్ నోరు మూసేసింది. ఇక ఈ మనిషితో మాట్లాడకూడదని నిర్ణయించుకుంది. ఆమె మౌనవ్రతమంటే సామాన్యమైన విషయం కాదు. ఆమె మాట్లాడితే తలనొప్పి అనేవాళ్ళు కూడా మాట్లాడకపోతే భయపడతారు.

దారి పొడుగునా మంచుకొండలు ఒకదాన్ని మించి ఒకటి వచ్చాయి. ఆర్డిస్ వాటిని కూడా అనుమానంగానే చూసింది.

కొత్త క్యాంపులో చిక్కొచ్చిపడింది. వసంతకాలం నుంచీ లైల్, బండి ఒక వైపు నుంచి లోపలికొచ్చి మరో వైపు నుంచి బయటికి పోయే స్థలాలే వెతుకుతున్నాడు. ఇక్కడ అవి నిండిపోయాయి. మిగిలింది రివర్సులో దూర్చాల్సిన ఇరుకు స్థలం. పైగా దాని పక్కనే, ముందే వచ్చి కూర్చుంది తెల్ల ట్రెయిలర్! ఆర్డిస్ పళ్ళు నూరింది, చప్పుడు కాకుండా.

ఇలాంటి బండ్లతో తిరిగే ఆలుమగలకి అసలు పరీక్ష రివర్సు. మొగుడు స్టీరింగు దగ్గర, పెళ్ళాం వెనకాల నిలబడి చేతులు ఊపాలి. చుట్టుపక్కలవాళ్ళు కుర్చీలు అటు తిప్పుకుని మరీ చూస్తారు. ఆర్డిస్‌కి చేతులతో పాటు గొంతూ ఉంది. ఆమె "రానీ... రానీ..." అంటే కొండ అవతలి క్యాంపులో బండ్లు కూడా వెనక్కి జరుగుతాయని లైల్ వేళాకోళమాడేవాడు.

ఇవాళ ఆమె మాట్లాడదు. దిగి, వెనక్కి వెళ్ళి నిలబడింది.

"ఆర్డీ, కేక వెయ్యి!" లైల్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

ఆమె చెయ్యి మాత్రం ఊపింది. రమ్మని ఊపింది. కొంచెం ఎడమకని చూపించింది. బండి ఎడమకి రాలేదు. ఆపమని రెండు చేతులూ అడ్డంగా పెట్టింది. పక్క అద్దంలో లైల్ ముఖం స్పష్టంగా కనబడుతోంది. తనవైపే చూస్తున్నాడు. చూస్తూనే వస్తున్నాడు!

ఆర్డిస్ పక్కకి దూకింది. ఎలుగుబంట్లకి దొరక్కుండా తిండి దాచుకునే ఇనప పెట్టెకి బండి వెనకభాగం ధణేల్‌మని గుద్దుకుంది. బండి వెనక బిగించిన నిచ్చెన వంకర్లు పోయింది. మౌనవ్రతం అక్కడికక్కడే ముగిసింది.

"కళ్ళేమైనా పోయాయా నీకు? అంత పెద్ద మనిషిని నిలబడి చేతులూపుతుంటే!"

లైల్ బండి దిగి, ఇనప పెట్టెని చేత్తో తడుముతూ వచ్చాడు. "అవును ఆర్డీ," అన్నాడు. "పోతున్నాయి."

ఆమె అతని చెయ్యి పట్టుకుని బండిలోకి తీసుకెళ్ళింది.

లోపల బల్ల దగ్గర కూర్చున్నాక చెప్పాడు. ఎడమ కన్ను వసంతంలోనే దెబ్బతింది. కుడి కన్ను బాగానే ఉందనుకున్నాడు, కానీ ఈ ప్రయాణంలో అదీ మొదలైంది. రోడ్డు మీద తెల్లగీత వంకర్లు తిరుగుతోంది. ఎవరిని చూసినా సరిగ్గా ముఖం ఉండాల్సిన చోట పొగముద్ద.

"పక్కకి చూస్తే అంచుల్లో కాస్త తెలుస్తుంది. నీ చెవి వైపు చూస్తేనే నాకు నీ ముఖం కనబడేది."

"ఇన్నాళ్ళూ నా చెవితో కాపురం చేశావన్నమాట," అంది ఆర్డిస్. నవ్వబోయింది. ఆ వెంటనే కోపం వచ్చింది. "ఈ కళ్ళతోనా లోయ అంచున నడిపావు? ఇద్దరం అందులో పడివుంటే? ఎదురుగా ఎవడి పిల్లలో వస్తుంటే?"

"తప్పే. నీకేం చెప్పుకోను." అతను తలవంచుకున్నాడు. "చెబితే ఇంటికి పోదామంటావు, బండి అమ్మేద్దామంటావు. ఈ కొండల్ని కనబడినంత వరకు నీతో కలిసి చూడాలనుకున్నాను. నువ్వు నడుపుతావేమో అని ఆశ. నేను నేర్పితే కొట్టుకు చస్తాం. అందుకే నీకు నేర్పమని గార్నెట్‌ని బతిమాలుతున్నాను. కాఫీ పోసి."

"అదీ చల్లారిన కాఫీ!" గుమ్మం దగ్గర్నుంచి వినబడింది. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన గార్నెట్ తలుపు పట్టుకుని నిలబడింది. "రోజూ ఇదే గొడవమ్మా. తాళాలు ఇంకెవరికైనా ఇవ్వు, ముందు నీ పెళ్ళాంతో చెప్పు, తర్వాత నేర్పుతాను అంటే వినడు. ఇవాళ చెప్పకపోతే నేనే చెప్పేస్తానని పొద్దున గట్టిగా అన్నాను."

ఆర్డిస్ ఆమె వైపు చూసింది. వారాల తరబడి మనసులో ఈ మనిషికి పెట్టిన పేర్లన్నీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆలుమగలిద్దరూ కళ్ళు తుడుచుకుంటుంటే గార్నెట్ మర్యాదగా కొండల వైపు తిరిగింది.

"నేను మాట్లాడకపోబట్టే గుద్దావు కదూ?" అడిగింది ఆర్డిస్.

"నీ గొంతు ఉంటే నాకు కళ్ళతో పనేముంది?"

"కబుర్లు చాలు. తాళం ఇలా పడెయ్యి."

మర్నాడు పొద్దున లైల్ మూడు కప్పులు తెచ్చాడు. వేడివేడిగా. ఆర్డిస్ స్టీరింగు ముందు, లైల్ పక్క సీట్లో. వెనకాల నిలబడిన గార్నెట్, బస్సునిండా పిల్లల్ని అదిలించిన గొంతుతో, "రానీ... రానీ... ఆపు! ఆపమంటే ఆపాలమ్మా!" అని అరిచింది.

ధణేల్‌మంది. అదే ఇనప పెట్టె.

"నా కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి," అంది ఆర్డిస్ బింకంగా.

లైల్ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, ఆమె వైపు తిరిగి, చెవి దగ్గర చూపు నిలిపాడు. ఆర్డిస్ కదలకుండా కూర్చుంది. చెవి మీద పడిన జుట్టుని మెల్లగా వెనక్కి తోసుకుంది, అతనికి బాగా కనబడాలని.