జంటమాట

టోపీ బిగించగానే నాంచారమ్మకు పళ్ళు జివ్వుమన్నాయి. చల్లగా ఏదో చెవుల వెనకనుంచి మెడదాకా పాకింది.

"భయపడకండమ్మా. 'గెట్ అప్' అని వినిపిస్తే మీకేం తోస్తుందో చెప్పండి," అంది డాక్టర్ అరుంధతి అద్దం అవతలనుంచి.

"అందులో తోచడానికేముందమ్మా? గెటప్పంటే వేషం. మా ఆయన కుర్రతనంలో కృష్ణుడి గెటప్పు వేస్తే పెడనంతా కదిలొచ్చేది."

డాక్టర్ నవ్వాపుకుని మీట నొక్కింది. టోపీలో చిన్న హోరు మొదలై కాసేపటికి ఆగింది. మళ్ళీ 'గెట్ అప్' అన్న మాట వినబడింది. అంతే, నాంచారమ్మ దిగ్గున లేచి నిలబడింది! లేచాక తనే నోరు నొక్కుకుంది.

ఆ యంత్రం పేరు జంటమాట. ఇంగ్లీషువాడి తిక్క ఎలాంటిదో తెలుసుగా. 'గివ్' అంటే ఇవ్వడం, 'అప్' అంటే పైకి. రెండూ కలిపితే పైకి ఇవ్వడం కావాలా వద్దా? కాదట, ఆశ వదులుకోవడమట! 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వెయ్యడమట. బడిలో పెద్ద పెద్ద వ్యాసాలు బట్టీపట్టినవాళ్ళు కూడా ఈ చిన్న మాటల దగ్గర బోర్లా పడుతూంటారు. వాటినన్నిటినీ కూర్చున్నచోటే మెదడులోకి ఎక్కించేస్తుంది ఈ టోపీ.

నాంచారమ్మకు ఈ వయసులో ఆ యావ ఎందుకంటే, మొగుడి కోసం.

వల్లభయ్య పెడనలో కలంకారీ అచ్చులు వేసేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయి బందరులో కొత్తగా కట్టిన పెద్దాసుపత్రిలో చేరాడు. అక్కడ మందులకు లోటు లేదు, యంత్రాలకు లోటు లేదు, లేనిది వైద్యం చేసే డాక్టరే; అరుంధతి చూసేది ఈ టోపీ యంత్రాన్ని మాత్రమే. రోగుల్ని చూసే డాక్టర్లందరూ సముద్రాల అవతల ఎక్కడో కూర్చుని, ప్రతి మంచం పక్కనా ఉన్న మాటలపెట్టెలోంచి పలుకుతారు. రోగి ఎలా ఉన్నాడో పక్కనున్న మనిషి ఇంగ్లీషులో చెప్పాలి. అనువాదం యంత్రాలు ఒకసారి ప్రాణం మీదికి తెచ్చాయని వాటిని తీసేశారు.

నాంచారమ్మ పదో తరగతి ఇంగ్లీషుతో ఎలాగో నెట్టుకొచ్చేది. ఓ పొద్దున పెట్టె ఆత్రంగా, "డిడ్ హి పాస్ అవుట్?" అని అడిగింది. అడిగింది స్పృహ తప్పాడా అని. మనకేమో పాసవుటంటే చదువు పూర్తిచేయడం. ఆవిడ మురిసిపోతూ, "యెస్ సార్! టెన్త్ క్లాస్! ఫస్ట్ క్లాస్!" అంది. పెట్టె మొదటి ముక్కే పట్టుకుంది. నిక్షేపంగా పడుకున్న మనిషికి మందు మార్చేశారు. రెండు రోజులు వల్లభయ్య చావుబతుకుల్లో కొట్టుకున్నాడు.

గండం గడిచాక సూపరింటెండెంటు పిలిచి, "జంటమాట చేయించుకుంటేనే ఆయన పక్కన ఉండనిస్తాం. లేదంటే అద్దంలోంచి చూసుకోవాలి," అన్నాడు. నా నోటితో నా మొగుణ్ణి నేనే చంపుకునేదాన్ని అని ఆవిడ గుండెలు బాదుకుంది. ఇక ఆలోచించలేదు.

అరుంధతి ఏమీ దాచలేదు పాపం. "తెలుగులోనూ జంటమాటలున్నాయమ్మా. తినిపెట్టు, వచ్చేసెయ్, చూసిపో, వెళ్ళొస్తా. రెండు క్రియలు కలిసి కొత్త అర్థం ఇస్తాయి. అవి మెదడులో ఒక అరలో ఉంటాయి. ఇంగ్లీషువి కూడా అక్కడే పట్టాలి. సర్దేటప్పుడు పాతవి కొన్ని వెనక్కి జరగొచ్చు. వింటే అర్థమవుతాయి, నోటికి మాత్రం వెంటనే రాకపోవచ్చు."

"జరగనివ్వండమ్మా. ఆయన పక్కన కూర్చోనిస్తే చాలు, నా బుర్రలో ఏ సామాను ఎటు తోసినా ఫరవాలేదు," అంది నాంచారమ్మ.

అన్నట్టే అయింది. మర్నాడు పెట్టె పలకగానే ఆవిడ తడుముకోకుండా, "హి థ్రూ అప్ ట్వైస్. ద ఫీవర్ హాజ్ గాన్ డౌన్, బట్ ద పెయిన్‌కిల్లర్ ఈజ్ వేరింగ్ ఆఫ్," అంది. వాంతులైన సంగతి, జ్వరం తగ్గిన సంగతి, మందు పట్టు సడలుతున్న సంగతి మూడు ముక్కల్లో తేల్చేసింది. పక్క మంచాల వాళ్ళు నోరు తెరిచారు. వల్లభయ్య గొట్టాల మధ్యనుంచే మీసం మీద చెయ్యి వేసి, "మా ఆవిడ దొరసానే!" అన్నాడు.

ఆ సంబరం మధ్యాహ్నం జావ తాగించేదాకానే. ఆవిడ చెంచా నోటి దగ్గర పెట్టి, "తాగు," అంది.

వల్లభయ్య తలెత్తి చూశాడు. నిన్నటిదాకా 'ఒక్క గుక్క తాగిపెట్టవయ్యా, నా బంగారం కదూ' అని బతిమాలిన మనిషి!

"కోపమొచ్చిందటే నామీద?"

"కోపం కాదు. తాగు."

ఏ మాటన్నా పోలీసు జవానులా పడుతోంది. మెత్తగా అందామని లోపల వెతుక్కుంటే, మెత్తదనమంతా ఆ రెండో మాటలోనే ఉండేదని, అదే జారిపోయిందని ఆవిడకు అప్పుడు తెలిసింది. చెంచా గిన్నెలో పెట్టేసి మొహం తిప్పుకుంది.

దానికంటే పెద్ద దెబ్బ సాయంత్రం తగిలింది. ఉడుకు జావ కోసం ఆవిడ రోజూ ఇంటికి వెళ్ళివచ్చేది. వెళ్ళేముందు 'వెళ్ళొస్తా' అనాలి, ఆయన 'వెళ్ళిరా' అనాలి. అందరిళ్ళలోనూ ఉన్నదే, వల్లభయ్యకు మాత్రం అదొక పిచ్చి. పెళ్ళైన కొత్తలో పోట్లాడుకుని ఆవిడ 'వెళ్తున్నా' అని విసురుగా పుట్టింటికి బయల్దేరితే, రంగు చేతులతోనే బస్సు స్టాండుదాకా పరిగెత్తాడు. "కొట్టు, తిట్టు. వస్తానని చెప్పకుండా మాత్రం గడప దాటకే, నాకు గుండె ఆగిపోతుంది," అన్నాడు. అందరూ చూస్తూండగా ఆవిడ చేత ఆ మాట అనిపించి గానీ బస్సెక్కనివ్వలేదు. అప్పట్నుంచి ఒక్కనాడు తప్పలేదు.

ఇవాళ గుమ్మం దగ్గర ఆగి నోరు తెరిచింది. "వెళ్తా," అని మాత్రం వచ్చింది. ఆ వెనకాల ఉండాల్సింది లేదు. చూరు పట్టుకుని నిలబడ్డ మనిషికి కాలికింద పీట లాగేసినట్టయింది.

వల్లభయ్యకు సంగతి అర్థమైంది. "పోనీలే, నీ వాటా కూడా నేనే అంటాను. వెళ్ళొస్తావు. వెళ్ళిరా," అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ. ఆ రోజునుంచి రెండు మాటలూ ఆయనే అన్నాడు.

ఆవిడ అరుంధతి దగ్గరికి పరుగెత్తింది. "అమ్మా, నా మాట ఏది? ఆయనకు చెప్పే మాట. నాకు అది కావాలి!"

అరుంధతి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "వెనక్కి తేవచ్చమ్మా. కానీ ముందు ఇంగ్లీషు మొత్తం ఖాళీ చెయ్యాలి. తెలుగు తిరిగొచ్చేసరికి నెలలు పడుతుంది. అన్నాళ్ళూ మిమ్మల్ని వార్డులోకి రానివ్వరు. నేను అడిగి చూశాను, ఒప్పుకోలేదు."

ఏం చేస్తుంది? పుట్ ఆఫ్ చేసింది. ఆయనకు నయమై ఇంటికి చేరాక చూద్దామనుకుంది.

నయం కాలేదు. ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం వల్లభయ్య కళ్ళు తెరిచి ఆవిడ చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ఊపిరి గుక్కలు గుక్కలుగా అందుతోంది. "నాంచారీ," అన్నాడు. "ఏమయ్యా," అంటూ ఆవిడ వంగింది.

"ఇక వెళ్ళొస్తానే."

ఆయన కళ్ళు ఆవిడ పెదాల మీదే ఉన్నాయి. ఈసారి వెళ్ళేది ఆయన. బదులుగా 'వెళ్ళిరా' అని ఆయన తనకు తానే చెప్పుకోవడానికి లేదు, ఈవిడే అనాలి. బస్సు స్టాండుదాకా పరిగెత్తింది ఆ ఒక్క మాట కోసమే కదా! నాంచారమ్మ తల్లకిందులైంది. గో ఆన్, గో అవుట్, గో ఆఫ్, గో త్రూ. ఇంగ్లీషు గోలన్నీ బిలబిలమంటూ వచ్చాయి, కావలసింది రాలేదు. చివరికి బలమంతా కూడదీసుకుంది.

"వెళ్ళు," అంది.

దాని వెనకాల 'రా' కోసం ఆవిడ లోపల కిందామీదా పడుతూండగానే, పట్టుకున్న చెయ్యి సడలింది. ఆయన కళ్ళు మాత్రం ఇంకా వింటున్నట్టే ఉన్నాయి. పెట్టె కీచుమంది.

"మేడమ్, డిడ్ హి పాస్ అవుట్?"

"నో," అంది నాంచారమ్మ, తప్పులేని ఉచ్చారణతో. "హి పాస్డ్ అవే."

"థాంక్యూ. దట్స్ వెరీ క్లియర్."

ఆవిడ వినిపించుకోలేదు. ఆయన మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. వెతుకుతున్న మాట అప్పుడొచ్చింది. అడ్డం లేకుండా, తడబాటు లేకుండా, ఆయనకు ఒక్క ముక్క అర్థంకాని భాషలో.

"కమ్ బ్యాక్. ప్లీజ్, కమ్ బ్యాక్."

తనతోనే మాట్లాడుతోందనుకుంది పెట్టె. "ష్యూర్ మేడమ్," అంది మర్యాదగా, "వుయ్ విల్ గెట్ బ్యాక్ టు యు." లైను ఆగిపోయింది.