ఆమె మీకేమవుతుంది?

కిటికీ తలుపు దించమన్నాడు అతను. దించనంది నజ్మీన్.

చీరాలలో పాసింజరు ఎక్కినప్పటినుంచీ ఇదే గొడవ. బయట తుఫాను వాన. జల్లు నేరుగా వచ్చి ఎదురు సీటులో ఉన్న అతని తెల్లచొక్కా మీద పడుతోంది. అతను వాడరేవులో కొన్న ఎండుచేపల సంచి సీటు కింద పెట్టుకున్నాడు. తలుపు దించితే ఆ వాసనకి తన ప్రాణం పోయేట్టుందని నజ్మీన్ మొండికేసింది.

"తడిసి ముద్దయిపోతున్నానండీ. తలుపు దించితే మీ సొమ్మేం పోయింది?"

"మీ సంచి ముందు స్టేషన్లో దించండి. తలుపు నేనే దించుతాను."

టిక్కెట్లు చూడటానికి టీసీ వస్తే ఇద్దరూ ఆయన్నే తీర్పు చెప్పమన్నారు. ఆయన ఇద్దరి టిక్కెట్లూ చూసి, పెళ్ళాం మొగుళ్ళ గొడవల్లో తాను దూరనని వెళ్ళిపోయాడు. పెట్టెంతా ఘొల్లుమంది. నజ్మీన్ మొహం కందిపోయింది.

బాపట్ల దాటింది. "మొండిఘటం" అని గొణిగాడతను, ఆమెకి వినపడేట్టు. అవును మొండిదాన్నే అనబోయింది. ఆ మాట నోట్లో ఉండగానే పెట్టె పక్కకి ఒరిగింది.

వానకి పట్టాల కింద మట్టి కోసుకుపోయిందని తర్వాత పేపర్లో రాశారు.

రైలు పడితే ఏం చెయ్యాలో ఏ బళ్ళోనూ చెప్పరు. దెబ్బ తగిలిన మనిషిని పట్టి లాగడమే సాయమనుకుంటాం. నజ్మీన్ కుడికాలు సీటు కింద ఇరుక్కుంది. ఎవరో వచ్చి ఆమె చంకల కింద చేతులేసి లాగబోయారు.

"లాగొద్దు. కాలు విరిగినట్టుంది. ముందు సీటు ఎత్తండి" అని ఒక గొంతు కసిరింది.

ఎండుచేపల మనిషే. నుదురు చిట్లి నెత్తురు కారుతున్నా, నలుగుర్ని పోగేసి సీటు ఎత్తించాడు. విరిగిన చెక్కముక్క ఆమె కాలికి ఆనించి ఆమె చున్నీతోనే కట్టాడు. ట్రాక్టరులో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆమెకి కళ్ళు మూతలు పడుతున్నాయి. కళ్ళు మూయొద్దు, కావాలంటే నన్ను తిట్టండి అన్నాడు. ఆస్పత్రి వచ్చేదాకా అతని చేపల్ని తిట్టింది. ఏడుస్తూ తిట్టింది.

ఆస్పత్రిలో నర్సు అతన్ని అడిగింది.

"ఆమె మీకేమవుతుంది?"

"ఏమీ కాదండి. కిటికీ దగ్గర గొడవపడ్డాం."

ఏమీ కాని మనిషి అక్కడినుంచి కదల్లేదు. డాక్టరు కాలు ఒక్కటే రాసుకుంటే, డొక్కలో నొప్పి, మణికట్టు వాపు కూడా రాయమని పోట్లాడాడు. రైలు ప్రమాదంలో తగిలిన దెబ్బలని స్పష్టంగా రాయించాడు. చదివించుకోకుండా ఎక్కడా సంతకం పెట్టొద్దని, చీరాల నుంచి పరిగెత్తుకొచ్చిన ఆమె తల్లి మాబూబీకి చెప్పిందే చెప్పాడు. టిక్కెట్టు ఏదండీ అని అతను అడిగితే నజ్మీన్ పక్కంతా తడుముకుంది. అది చేతిసంచితో పాటు బురదలో పోయింది.

అతని పేరు హయాత్. పొదిలి కుర్రాడు, గుంటూరు మిర్చియార్డులో గుమాస్తా. నజ్మీన్‌ని గుంటూరు ఆస్పత్రికి మార్చాక రోజూ సాయంత్రం యార్డు నుంచి నేరుగా వచ్చేవాడు. అతను గుమ్మంలో అడుగు పెట్టకముందే ఆ మిరప ఘాటుకి ఆమెకి తుమ్మొచ్చేది. తుమ్మితే మొహం వెలిగిపోయే పిల్లని తానెక్కడా చూళ్ళేదని మాబూబీ మనసులో అనుకుంది.

కాలు అతికింది గానీ కాస్త పొట్టిగా అతికింది. నజ్మీన్ జాకెట్లు కుట్టి బతికే మనిషి. ఇక ఆ కాలితో మిషను తొక్కలేదు. మోటారు మిషను కొనాలంటే రైల్వే మీద వేసే పరిహారం కేసు గెలవాలి. టిక్కెట్టు లేదు కాబట్టి హయాత్ సాక్ష్యమే దిక్కు. వకీలు ప్రేమదాసు అంతా విన్నాడు. వింటూ ఇద్దరి మొహాలూ చూశాడు.

"టీసీ తనకి గుర్తులేదంటున్నాడు. ఆమె టిక్కెట్టు చూపించడం చూసినవాళ్ళలో మనకి దొరికింది నువ్వొక్కడివే. అవతలి వకీలు అడిగే మొదటి మాటే, ఆమె నీకేమవుతుందని. ఏదో ఒకటి అవుతుందని తేలిందా, నీ సాక్ష్యం చెత్తబుట్టలోకి పోతుంది. కేసు తేలేదాకా కలవొద్దు, మాట్లాడొద్దు."

సరేనన్నారు ఇద్దరూ. ఆ సరే అన్న మాట ఎంత బరువో తర్వాత తెలిసింది.

నజ్మీన్ వాళ్ళ ఇల్లు చీరాలలో రైలుగేటు పక్కన. ఆదివారం సాయంత్రం పాసింజరు గేటు దగ్గర నెమ్మదిస్తుంది. వానాకాలం వచ్చింది. పెట్టెల కిటికీలన్నీ మూసుకుని పోతుంటే, ఒక్క కిటికీ మాత్రం బార్లా తెరిచి ఉండేది. ఆ కిటికీలో తెల్లచొక్కా తడిసి ముద్దవుతూ ఉండేది. అతను చెయ్యి ఊపలేదు. ఆమె గుమ్మం దిగలేదు. ఇచ్చిన మాట మాటే. రైలు పోయాక చేతికర్ర మీద ఆనుకుని అక్కడే నిలబడేది, తన మొహం కూడా తడిసేదాకా.

పక్కింట్లో ఎండుమిర్చి వేయిస్తే ఆమెకి తుమ్మొచ్చేది. తుమ్మగానే కుంటుకుంటూ గుమ్మంలోకి పోయేది. గుమ్మంలో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. వాయిదా మీద వాయిదా పడింది. మళ్ళీ తుఫాన్ల రోజులొచ్చాయి.

చివరికి సికింద్రాబాదులో, రైల్వే కేసులు తేల్చే కోర్టులో విచారణ. హయాత్ బోనులో నిలబడ్డాడు. చిక్కిపోయాడు. కిటికీ గొడవ, టీసీ రావడం, టిక్కెట్లు చూడటం, అంతా చెప్పాడు. రైల్వే తరపు వకీలు లేచాడు.

"ఆమె మీకేమవుతుంది?"

ఏమీ కాదనాలి. అంటేనే కేసు నిలుస్తుంది. అనకూడదని నజ్మీన్ ప్రాణం కొట్టుకుంటోంది.

హయాత్ ఆమె చేతికర్ర వైపు ఒకసారి చూశాడు.

"రైలు పడిన రోజున ఏమీ కాదండి. పేరు కూడా తెలీదు. ఇవాళ కూడా ఏమీ కాదంటే అబద్ధమవుతుంది. ఏమవుతుందో మాత్రం నేను చెప్పేది కాదు. ఆమె చెప్పాలి."

ప్రేమదాసు తల పట్టుకున్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి నజ్మీన్ వైపు తిరిగారు. ఏమ్మా, ఏమంటావ్ అన్నారు.

నజ్మీన్ కర్ర ఊతంతో లేచింది.

"కిటికీ గొడవ ఇంకా తేలలేదండి. తేలడానికి ఒక జన్మ పట్టేట్టుంది."

జడ్జిగారు నవ్వు దాచుకోలేదు. అబద్ధం చెప్పదలిచినవాడైతే ఏమీ కాదని ఒక్క ముక్క చెప్పి దిగిపోయేవాడని, ఇతని సాక్ష్యం తాను నమ్ముతున్నానని రాయించారు. కేసు నిలిచింది. మోటారు మిషను వస్తుంది.

తిరుగు రైల్లో టిక్కెట్లు మూడూ మాబూబీ గుప్పిట్లోనే ఉన్నాయి. ఈసారి బురదకి ఇచ్చేది లేదంది. కిటికీ దగ్గర నజ్మీన్, ఎదురుగా హయాత్. యార్డు ఘాటు పట్టిన తన సంచి కింద పెట్టాడో లేదో నజ్మీన్ తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. తుమ్ముతూ నవ్వింది. ఎన్నాళ్ళకో.

చినుకులు మొదలయ్యాయి. హయాత్ తలుపు మీద చెయ్యి వేశాడు.

"దించమంటారా?"

"దించితే ఊరుకోను."

పక్కనున్న పెద్దావిడ వీళ్ళని చూసి చూసి మాబూబీ చెవి దగ్గరికి వంగింది. ఆ అబ్బాయి మీకేమవుతాడమ్మా అని అడిగింది.

మాబూబీ గుప్పిట్లో టిక్కెట్లు ఒకసారి సరిచూసుకుంది.

"అల్లుడు" అంది.

జల్లు నేరుగా వచ్చి తెల్లచొక్కా మీద పడింది. అతను కదల్లేదు.